ఎవరి పాలు ఎవరి లెక్కలో?

మొన్న రాత్రి పదకొండున్నరకి మా పిన్ని కొడుకు వాట్సాప్‌లో ఒక ఫొటో పెట్టాడు. వాడు బీటెక్ రెండో ఏడాది. ల్యాప్‌టాప్ తెరని ఫోన్‌తో తీసిన ఫొటో అది, అందులో సగం ట్యూబ్‌లైటే కనిపిస్తోంది. (స్క్రీన్‌షాట్ అని ఒకటుంటుంది రా అని ఎన్నిసార్లు చెప్పినా వినడు.) కింద ఒక వాయిస్ మెసేజ్.

"అన్నా, స్టూడెంట్ స్ట్రక్చర్ లోపల మార్కుల అర్రే పెట్టా. మాలాక్ చేశా. మార్కులేవీ వెయ్యకుండా ప్రింట్ చేస్తే అన్నీ సున్నాలే వచ్చాయి. సరే అని మార్కులు వేసి, ఫ్రీ చేసి, రెండో స్టూడెంట్‌కి మళ్లీ మాలాక్ చేస్తే మొదటివాడి మార్కులు వీడికి వస్తున్నాయి. ల్యాప్‌టాప్‌కి వైరస్ గానీ ఎక్కిందా?"

నవ్వొచ్చింది. కాసేపటికి నవ్వు ఆగిపోయింది కూడా. ఎందుకంటే అచ్చం ఇదే తప్పు 2019లో నేను చేశాను. వాడి తప్పుకి పోయేది ల్యాబ్‌లో రెండు మార్కులు. నా తప్పుకి ఒక పెద్దాయన పరువు పోబోయింది.

సీ రానివాళ్లు ఇక్కడే పారిపోకండి, రెండు ముక్కల్లో చెప్పేస్తా. స్ట్రక్చర్ అంటే ఒక ఫారం లాంటిది. పేరు, నంబరు, ఇతర వివరాలు అన్నీ ఒకే కాగితం మీద ఉన్నట్టు. అర్రే అంటే ఒకే రకం గళ్ల వరుస. ఎన్ని ఫారాలు కావాలో ముందే తెలియనప్పుడు, ప్రోగ్రామ్ నడుస్తుండగానే "ఒక ఫారం పట్టేంత చోటివ్వు" అని అడుగుతాం. అలా చోటిచ్చే ఫంక్షన్ మాలాక్. పనైపోయాక ఆ చోటు తిరిగి అప్పజెప్పే ఫంక్షన్ ఫ్రీ. అంతే, మీకు ఇప్పుడు సీ వచ్చినట్టే!

చిక్కంతా ఎక్కడంటే, మాలాక్‌కి మీ ఫారం గురించి ఏమీ తెలియదు. అందులో అర్రే ఉందో, పేరుందో, మార్కులున్నాయో దానికి అనవసరం. మనం దానికి చెప్పేది ఒకే ఒక్క అంకె: ఇన్ని బైట్లు కావాలి. అది అంత ఖాళీ చోటు వెతికి అడ్రస్ మన చేతిలో పెడుతుంది. ఖాళీ అంటే ప్రస్తుతం ఎవరూ వాడుకోవడం లేదని. శుభ్రంగా ఉందని కాదు.

బీటెక్ అవగానే అమీర్‌పేటలో కోర్సు చేస్తూ ఎస్సార్ నగర్‌లో ఒక హాస్టల్‌లో దిగాను. "రూమ్ ఖాళీ అయింది తమ్ముడూ" అని వార్డెన్ తాళం ఇచ్చాడు. తలుపు తీస్తే గోడ మీద ఎవరిదో గ్రూప్స్ ప్రిపరేషన్ టైమ్‌టేబుల్, మంచం కింద ఒంటి చెప్పు, అలమరలో సగం అయిపోయిన ఆవకాయ సీసా. వార్డెన్ అబద్ధమేమీ ఆడలేదు. రూమ్ ఖాళీనే. ఊడ్చామని ఆయన ఎప్పుడన్నాడు? మాలాక్ అంటే ఆ వార్డెన్.

మరి మావాడికి మొదటిసారి సున్నాలు ఎందుకొచ్చాయి? అక్కడికే వస్తున్నా. వార్డెన్ పైన బిల్డింగ్ ఓనరు ఉంటాడు కదా. ఆయన ఒక అంతస్తుని కొత్తగా అప్పజెప్పేటప్పుడు గోడలకి సున్నం వేయించి ఇస్తాడు. కంప్యూటర్‌లో ఆ ఓనరు పేరు కెర్నెల్. మీ ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఉన్నది కూడా లైనక్స్ కెర్నెలే. అది ఏ ప్రోగ్రామ్‌కైనా మెమరీని పేజీల లెక్కన ఇస్తుంది (చాలా మెషీన్లలో పేజీ అంటే 4096 బైట్లు), ఇచ్చే ముందు ఆ పేజీని సున్నాలతో నింపుతుంది. ఓనరు వేసేది సున్నం, కెర్నెల్ వేసేది సున్నా, అంతే తేడా. ఆ పేజీ అంతకుముందు మీ బ్యాంక్ యాప్ వాడి వదిలేసింది కావచ్చు. అందులో మిగిలిన పిన్ నంబరు ఇంకో యాప్ కంట పడకూడదు కదా, అందుకీ జాగ్రత్త.

కానీ ఒకసారి అంతస్తు వార్డెన్ చేతికొచ్చాక, ఒక కుర్రాడు ఖాళీ చేసిన గదిని ఇంకో కుర్రాడికి ఇచ్చేటప్పుడు ఓనర్ని పిలవరు. సున్నం వెయ్యరు. మీ ప్రోగ్రామ్ ఫ్రీ చేసిన చోటునే మాలాక్ మళ్లీ మీ ప్రోగ్రామ్‌కే ఇస్తుంది, పాత సామాన్లతో సహా. కాబట్టి కొత్త పేజీ దొరికినప్పుడు సున్నాలు, పాత గది దొరికినప్పుడు ఆవకాయ సీసా. చిన్న ల్యాబ్ ప్రోగ్రామ్ ఒకసారి మాలాక్ చేసి ముగిసిపోతుంది కాబట్టి ఎక్కువగా సున్నాలే కనిపిస్తాయి. "మాలాక్ సున్నాలిస్తుంది" అని సగం మంది నమ్మేది అందుకే. నేనూ నమ్మాను.

ఇక నా కథ. హైదరాబాద్‌లో ఒక చిన్న కంపెనీలో నా మొదటి ఉద్యోగం. పేరెందుకులెండి. పల్లెటూళ్లలో పాల కేంద్రాలుంటాయి కదా, అక్కడ లెక్కలు రాసే చిన్న లైనక్స్ పెట్టె మేం చేసేవాళ్లం. రైతులు పొద్దున, సాయంత్రం పాలు పోస్తారు. కొలత, వెన్న శాతం చూసి రాసుకుంటారు. పదిహేను రోజులకోసారి బిల్లు. పదిహేను రోజులు, రోజుకి రెండు పూటలు, అంటే 30 గళ్లు.

నా రైతు స్ట్రక్చర్‌లో నంబరుకి 4 బైట్లు, పేరుకి 20, ఆ తర్వాత 30 పూటల అర్రే, ఒక్కో గడికి 4 బైట్ల చొప్పున 120. మొత్తం 144. పాలు మిల్లీలీటర్లలో, పూర్ణాంకాలుగా. బిల్లు రోజున ప్రోగ్రామ్ చేసే పని చాలా తేలిక. ఒక రైతు కోసం మాలాక్ చెయ్యి, నంబరూ పేరూ వెయ్యి, ఆ రైతు పాలు పోసిన పూటల లెక్క ఫైల్లోంచి తీసి ఆయా గళ్లలో పెట్టు, 30 గళ్లూ కూడి చీటీ ప్రింట్ చెయ్యి, ఫ్రీ చెయ్యి, తర్వాతి రైతుని పిలువు.

రాని పూట గడిని నేను ముట్టుకోలేదు. సున్నాయే ఉంటుంది కదా అనుకున్నా అని ఇప్పుడు అంటున్నాను గానీ, నిజానికి అప్పుడు అనుకోవడం కూడా లేదు. ఆ గడి గురించి ఆలోచనే రాలేదు.

టెస్టింగ్ చెయ్యలేదా అంటే, చేశాను! ఐదుగురు ఊహా రైతులతో ఫైల్ తయారు చేశాను. ఐదుగురూ 30 పూటలూ క్రమం తప్పకుండా పాలు పోసేశారు. నా ఊహల్లో రైతుకి జ్వరం రాదు, గేదె వట్టిపోదు, కూతుర్ని చూడ్డానికి ఊరెళ్లడు. మా టీమ్‌లో ఒకామెకి అనుమానమొచ్చి, కొన్ని పూటలు ఎగ్గొట్టిన రైతుతో కూడా చూసింది. కానీ ఆ ఫైల్లో ఉన్నది ఒక్క రైతే. ఒక్క మాలాక్, కొత్త పేజీ, సున్నాలు. పాస్!

ప్రకాశం జిల్లాలో ఒక ఊళ్లో పెట్టె పెట్టాం. అరవై మంది దాకా రైతులు. మొదటి పదిహేను రోజుల బిల్లు వచ్చింది. రైతులందరి చీటీలూ కూడితే, కేంద్రం నుంచి డైరీకి వెళ్లిన పాల కన్నా 41 లీటర్లు ఎక్కువ. డబ్బు పరంగా రెండు వేల పైచిలుకు, అంతే. కానీ ఊళ్లో లెక్క వేరేగా ఉంటుంది. ఎవరి చీటీల్లో ఎక్కువ పడిందని చూస్తే తొమ్మిది మంది తేలారు. ఆ తొమ్మిది మందిలో ఒకరు కేంద్రం కార్యదర్శి గారి తమ్ముడు, ఇంకొకరు ఆయన వదిన.

మాట పుట్టడానికి ఇంకేం కావాలి? ఇరవై ఏళ్లుగా చేత్తో లెక్క రాసి, పది లీటర్ల తేడా ఎప్పుడూ రానివ్వని మనిషాయన. "మిషను తప్పు చెయ్యదు గదా, మడిసే చేసుంటాడు" అన్నారట అరుగు మీద. మిషన్ తప్పు చెయ్యదు అన్న ఆ మాట నాకు తర్వాత చాలా రోజులు నిద్ర పట్టనివ్వలేదు.

ఆ ఊళ్లోనే ఒకామె చీటీ పట్టుకుని కేంద్రానికి వచ్చిందట. "నాలుగో తారీఖు నించి మూడ్రోజులు నేను ఊళ్లోనే లేనయ్యా. పూటకి మూడున్నర లీటర్లు ఎట్టా పోశాను?" అంది. ఆమె అలా అడగకపోతే ఏమయ్యేదో. మా మేనేజర్ నన్ను బస్సెక్కించారు. చీటీలన్నీ నేల మీద వరసగా పరిచి కూర్చున్నా. ఆమె నాలుగో తారీఖు పొద్దున గడిలో ఉన్నది 3450. జాబితాలో ఆమెకి సరిగ్గా ముందున్న రైతు నాలుగో తారీఖు పొద్దున గడిలో? 3450. ఐదో తారీఖూ అంతే. ఆరో తారీఖూ అంతే. కడుపులో ఏదో జారినట్టయింది. తప్పెవరిదో అప్పుడే తెలిసిపోయింది.

జరిగిందేంటంటే, ముందు రైతు ఫారం 144 బైట్లు, ఫ్రీ అయింది. వెంటనే ఇంకో 144 బైట్లు కావాలని అడిగాను. సైజు ఒకటే కాబట్టి మాలాక్ ఇప్పుడే ఖాళీ అయిన గదినే ఇచ్చింది. లైనక్స్‌లో ఎక్కువగా ఉండే గ్నూ సీ లైబ్రరీకి ఒక అలవాటుంది. ఫ్రీ అయిన చోటులో మొదటి 16 బైట్లను అది తన సొంత లెక్కలకి వాడుకుంటుంది. ఆ 16 బైట్లూ నా ఫారంలో నంబరు, పేరు ఉన్న జాగా. వాటి మీద నేను ఎలాగూ కొత్త నంబరు, కొత్త పేరు రాశాను. మిగిలిన 120 బైట్లు చెక్కు చెదరలేదు. పాత రైతు పేరు పోయింది, నంబరు పోయింది, పాలు మాత్రం మిగిలాయి.

గార్బేజ్ వాల్యూ అనగానే మనకి ల్యాబ్‌లో చూసిన వింత అంకెలు గుర్తొస్తాయి. అలాంటివొస్తే అదృష్టమండీ. ఒక రైతు పూటకి ఎనభై కోట్ల లీటర్లు పోశాడని చీటీ వస్తే చంటిపిల్లాడైనా పట్టేస్తాడు. విజువల్ స్టూడియో వాళ్లు అందుకే డీబగ్ మోడ్‌లో కావాలని కొత్త మెమరీని ఒకే బైటుతో నింపుతారు. పూర్ణాంకంగా చదివితే −842150451 అని కనిపిస్తుంది. ఎప్పుడైనా ఆ అంకె తగిలితే భయపడకండి, "ఇక్కడ నువ్వేమీ వెయ్యలేదు" అని అది మీకు చెప్పే మాట. నాకు తగిలింది 3450. నిజం లాంటి అబద్ధం.

సరే, ఎలా సరిచేయాలి? అందరూ మొదట ప్రయత్నించేది మావాడు చేసిందే: మాలాక్ అయ్యాక అర్రే పేరు రాసి, ఈక్వల్‌టు పెట్టి, ఫ్లవర్ బ్రాకెట్లలో సున్నాలు. కంపైలర్ ఒప్పుకోదు. ఫ్లవర్ బ్రాకెట్లతో నింపడం అనేది వేరియబుల్‌ని డిక్లేర్ చేసే క్షణంలో మాత్రమే ఉండే సదుపాయం. అప్పుడైతే ఒక్క సున్నా వేసినా మిగతా గళ్లన్నీ కంపైలరే సున్నాలు చేస్తుంది. గ్లోబల్ వేరియబుల్ అయితే అది కూడా అక్కర్లేదు. కానీ మాలాక్‌తో తెచ్చినదానికి డిక్లరేషన్ ఎక్కడుంది? మన దగ్గరున్నది ఒక అడ్రస్. పైగా సీలో అర్రేకి ఈక్వల్‌టు పెట్టి ఏదీ వెయ్యలేం.

ఇక్కడో తమాషా ఉంది. ఒట్టి అర్రేని ఈక్వల్‌టుతో కాపీ చేయలేం గానీ, అదే అర్రే స్ట్రక్చర్ లోపల ఉంటే మొత్తం స్ట్రక్చర్‌ని చక్కగా కాపీ చేయొచ్చు, అర్రే కూడా వెంట వస్తుంది. టికెట్ లేని పిల్లాడు అమ్మ ఒళ్లో కూర్చుని బస్సెక్కినట్టు. 1999 నాటి సీ స్టాండర్డ్ నుంచి దీనికి మంచి ఉపాయం దొరికింది. పాయింటర్ ముందు నక్షత్రం గుర్తు, ఈక్వల్‌టు, ఆ తర్వాత మామూలు బ్రాకెట్లలో స్ట్రక్చర్ టైపు, దాని పక్కనే ఫ్లవర్ బ్రాకెట్లలో విలువలు. అప్పటికప్పుడు పేరు లేని ఒక స్ట్రక్చర్ పుట్టి మన చోటులోకి కాపీ అవుతుంది. విలువలు కొన్నే ఇస్తే మిగతావి సున్నాలు. నాకు ఇష్టమైన పద్ధతి ఇదే, చదవడానికి కూడా బాగుంటుంది. మా కాలేజీలో నీలం తెర టర్బో సీ మీద నేర్పారు. అది 1987లో వచ్చిన సాఫ్ట్‌వేర్. దానికి ఇది తెలియదు, దాంతో నేర్చుకున్న నాకూ తెలియలేదు.

ఆ రోజు మాత్రం నేను చేసింది ఇంకా తేలిక. మాలాక్ తీసేసి కాలాక్ పెట్టాను. కాలాక్ అంటే గది ఊడ్చి, తుడిచి తాళమిచ్చే వార్డెన్. ఎన్ని కావాలి, ఒక్కోటి ఎంత సైజు అని రెండు అంకెలు అడుగుతుంది, ఇచ్చే చోటంతా సున్నాలు చేసి ఇస్తుంది. రెండు అంకెల గుణింతం మరీ పెద్దదై పొంగిపోతే ఈ రోజుల్లో వచ్చే లైబ్రరీలు దాన్ని కూడా పట్టుకుని చోటు లేదని చెప్పేస్తాయి. మాలాక్‌లో ఆ గుణకారం మనమే చేసిస్తాం కాబట్టి ఆ కాపలా ఉండదు. ఒక్క పదం మార్పు. దాని కోసం ఒంగోలు దాకా బస్సు.

మాలాక్ చేశాక మెమ్‌సెట్‌తో తుడవడం మూడో దారి. ఇందులో రెండు గుంటలున్నాయి, రెండింట్లోనూ నేను పడ్డాను. మొదటిది సైజు. పాయింటర్ పేరు మీద సైజాఫ్ అడిగితే అది ఫారం సైజు చెప్పదు, అడ్రస్ సైజు చెబుతుంది. 64 బిట్ మెషీన్‌లో 8. నా 144 బైట్లలో 8 మాత్రమే తుడిచి, నంబరు, పేరులో మొదటి నాలుగు అక్షరాల జాగా శుభ్రం చేసి, పాల జోలికి పోకుండా ఊరుకుంటుంది. సైజాఫ్‌లో పాయింటర్ ముందు నక్షత్రం పెట్టడం మర్చిపోవద్దు. రెండోది విలువ. మెమ్‌సెట్ గడి గడికీ కాదు, బైటు బైటుకీ నింపుతుంది. సున్నాతో నింపితే పర్లేదు. ఒకటితో నింపితే నాలుగు బైట్లలోనూ ఒకటొకటి పడి, ఆ గడి విలువ 16843009 అవుతుంది. −1 మాత్రం పనిచేస్తుంది, ఎందుకంటే మన మెషీన్లలో −1 అంటే అన్ని బిట్లూ ఒకట్లే. సున్నా, −1 కాకుండా ఇంకేం కావాలన్నా బుద్ధిగా ఫర్ లూప్ రాసుకోండి. లూప్ రాస్తే ఎవరూ మిమ్మల్ని తక్కువగా చూడరు.

అసలు అన్నీ సున్నాలు చేస్తే పనైపోయినట్టేనా అంటే, అదీ కాదు. మావాడి మార్కుల అర్రేలో సున్నా అంటే ఏంటి? పరీక్ష రాసి సున్నా తెచ్చుకున్నాడా, అసలు రాలేదా? మీ మెమోలో ఆబ్సెంట్‌కీ సున్నాకీ తేడా ఉంటుంది కదా. ఉష్ణోగ్రత కొలిచే సెన్సార్ అయితే సున్నా కూడా ఒక కొలతే. అలాంటిచోట −1 లాంటిదో, అసలు రాని అంకె ఏదో ఎంచుకుని దాంతో నింపాలి. ఆ నిర్ణయం కాలాక్ తీసుకోలేదు. ఫారం ఎవరు గీశారో వాళ్లే తీసుకోవాలి.

కథ అక్కడితో అయిపోలేదు. ఆర్నెల్ల తర్వాత ఇంకో కేంద్రం వాళ్లు, మాకు బిల్లు పది రోజులకే కావాలన్నారు. అంటే 20 గళ్లు. సరే అని స్ట్రక్చర్‌లో అర్రే తీసేసి దాని బదులు ఒక పాయింటర్ పెట్టాం. ఫారం 32 బైట్లకి తగ్గింది: 4, 20, అడ్రస్‌కి 8. ఇంటర్వ్యూల్లో తడబడేది ఇక్కడే. అర్రే స్ట్రక్చర్ లోపల ఉంటే అలమర గదిలోనే ఉన్నట్టు. పాయింటర్ ఉంటే, "అలమర ఫలానా చోట ఉంది" అని రాసిన చీటీ మాత్రమే గదిలో ఉన్నట్టు. గదికి మాలాక్ చేసినంత మాత్రాన అలమర రాదు. దానికి వేరే మాలాక్ చెయ్యాలి, దాన్ని వేరేగా ఊడ్వాలి. ఖాళీ చేసేటప్పుడు ముందు అలమర ఫ్రీ, తర్వాత గది. తలకిందులు చేస్తే చీటీ పోయి, అలమర ఎక్కడుందో ఎవరికీ తెలియకుండా పోతుంది.

ఇందులో ఊడ్వని గది ఇంకా ప్రమాదం. కాలాక్ చేస్తే ఆ చీటీ నల్ అవుతుంది, దాని మీద రాయబోతే సెగ్మెంటేషన్ ఫాల్ట్ అని ప్రోగ్రామ్ అక్కడికక్కడే కూలిపోతుంది. గొడవే, కానీ నిజాయితీ గల గొడవ. మాలాక్‌తో వదిలేస్తే ఆ చీటీ మీద పాత రైతు అలమర అడ్రసే ఉండిపోవచ్చు. అది ఇప్పటికే ఫ్రీ అయి ఇంకెవరికో ఇచ్చేసిన అలమర. మనం మన పాలు తీసుకెళ్లి వాళ్ల సామాన్ల మీద పోసేస్తాం.

చివరికి మేం స్థిరపడింది వేరే పద్ధతి మీద. స్ట్రక్చర్‌లో ఆఖరి సభ్యుడిగా అర్రే పెట్టి బ్రాకెట్లో సైజు రాయకుండా ఖాళీగా వదలొచ్చు. ఇది కూడా 1999 స్టాండర్డే. అప్పుడు ఫారం సైజు 24, దానికి గళ్ల సంఖ్యని నాలుగుతో హెచ్చవేసి కలపాలి. 20 గళ్లయితే 104, 30 అయితే మళ్లీ మన పాత 144. ఒకే కాలాక్, ఒకే ఫ్రీ, పోగొట్టుకోవడానికి చీటీ ఏమీ లేదు. ఈ రకం స్ట్రక్చర్‌ని ఈక్వల్‌టుతో కాపీ చేస్తే ఆ తోక అర్రే వెంట రాదు, అదొక్కటి గుర్తుపెట్టుకోండి.

ఇలాంటివి ముందే పట్టుకునే పరికరం ఉంది, వాల్‌గ్రిండ్. (గ్రైండ్ కాదు, గ్రిండ్ అని పలకాలని దాన్ని తయారు చేసినవాళ్లే చెప్పారు. నాకు చాలాకాలం ఇడ్లీ పిండి గుర్తొచ్చేది.) మీరు వెయ్యని విలువ మీద ఆధారపడి ప్రోగ్రామ్ ఏదైనా నిర్ణయం తీసుకుంటే, ఆ విలువ ఏ మాలాక్ నుంచి వచ్చిందో కూడా చూపిస్తుంది. మా పాల ప్రోగ్రామ్‌ని ఇద్దరు రైతులతో దీని కింద నడిపి ఉంటే ఐదు నిమిషాల్లో దొరికేది.

అయితే అది అరిచిందని గుడ్డిగా సరిచేసినా కొంప మునుగుతుంది. 2006లో డెబియన్ లైనక్స్‌లో అదే జరిగింది. రహస్య తాళాలు తయారు చేసే ఓపెన్ ఎస్ఎస్ఎల్‌లో, నింపని మెమరీ వాడుతున్నారని వాల్‌గ్రిండ్ అరుస్తోందని రెండు లైన్లు తీసేశారు. అందులో ఒక లైను, అసలైన యాదృచ్ఛిక సమాచారాన్ని కలిపే లైను. ఇక మిగిలింది ప్రాసెస్ నంబరు ఒక్కటే, అంటే గరిష్ఠంగా 32,768 రకాలు. లెక్కలేనన్ని ఉండాల్సిన తాళాలు అంతకి పడిపోయాయి. 2008 మే దాకా ఎవరూ గమనించలేదు. బయటపడ్డాక డెబియన్, ఉబుంటు మీద ఆ రెండేళ్లలో తయారు చేసిన తాళాలన్నీ మార్చుకోవాల్సి వచ్చింది. ఆ గడి ఖాళీగా ఎందుకుందో అడగకుండా తుడిచేస్తే అంతే.

ఇప్పుడు ఓనర్లు కూడా కొంచెం మారుతున్నారు. 2019 సెప్టెంబరులో వచ్చిన లైనక్స్ 5.3లో, కెర్నెల్ తన సొంత పనులకి తీసుకునే మెమరీని కూడా ఇచ్చేటప్పుడే సున్నాలు చేసే ఆప్షన్ పెట్టారు. మన మాలాక్ మాత్రం ఎప్పట్లాగే. స్టాండర్డ్ ప్రకారం అది ఊడ్వాల్సిన పని లేదు. మొత్తం మీరే నింపబోతుంటే ఊడ్చిన శ్రమ దండగే కదా, అదీ న్యాయమే.

ఆ రోజు సాయంత్రం కార్యదర్శి గారికి చెప్పాల్సి వచ్చింది. మాలాక్, హీప్ అని మొదలెట్టి నాకే సిగ్గేసి ఆపేశాను. ఆయన కాసేపు చీటీల వైపు చూసి, "అంటే అబ్బాయ్, పాత చీటీ మీద పేరు కొట్టేసి కొత్త పేరు రాశావు. కింద లెక్క చెరపడం మర్చిపోయావు. అంతేనా?" అన్నారు.

"అంతేనండి."

"ఇదే ముక్క పాలు పొయ్యడానికొచ్చే వాళ్లందరి ముందూ చెప్పు."

చెప్పాను. క్యాన్లు పట్టుకుని వరసలో నిలబడ్డ వాళ్లందరి ముందూ, తప్పు ఆయనది కాదు, మిషన్‌ది కూడా కాదు, నాది అని. ఒకాయన "చదువుకున్న పిల్లోడివేగా" అన్నాడు. అది తిట్టో ఓదార్పో ఇప్పటికీ తెలీదు.

బస్సుకి టైమ్ ఉందని ఆయన పాత పొడుగు పుస్తకం తిరగేశాను. ఇరవై ఏళ్ల చేతిరాత. పాలు పొయ్యని పూట గడిలో సున్నా లేదు, ఖాళీగానూ లేదు. ప్రతి గడిలో ఒక అడ్డగీత. సున్నా ఎందుకు వెయ్యరండీ అని అడిగా.

"సున్నా ముందు ఎవడైనా అంకె చేరుస్తాడు. గీతకి ఏం చేరుస్తాడు?" అన్నారు.

ఇదంతా మా తమ్ముడికి వాయిస్ మెసేజ్‌లో చెప్పేసరికి పన్నెండు నిమిషాలైంది. "ఓకే అన్నా, మెమ్‌సెట్ కదా" అని పెట్టాడు. పొద్దున్న లేచేసరికి ఇంకో ఫొటో, మళ్లీ ట్యూబ్‌లైట్‌తో సహా. అందరికీ ఒక మార్కు వేసి మొదలుపెడదాం అనుకున్నాడట. తెర నిండా 16843009.